ముడి లేని సంచి

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ సామెత కట్టినవాడెవడో నలభై ఆరేళ్ళ వయసులో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినవాడే అయివుంటాడు.

నేనూ వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు పనిచేసిన లాండ్రీ మూతపడి ఏడు నెలలైంది. పెద్దాసుపత్రివాళ్ళు సొంతంగా కొత్త లాండ్రీ కట్టుకుని, మాసిన బట్టల సంచులు వేరుచేయడానికి మనిషి కావాలన్నారు. ఒక్క ఉద్యోగం. నాకది కావాలి. కావాలంటే మామూలుగా కాదు, మునిగిపోయేవాడికి గట్టు కావాల్సినట్టు కావాలి.

నా భార్యకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇన్నాళ్ళూ పాత కంపెనీ ఇచ్చిన వైద్యం కార్డు మీద నడుస్తోంది. కంపెనీ మూతపడ్డా కార్డుకి నెలాఖరు దాకా గడువుంది. ఇంటర్వ్యూ రోజుకి లెక్కేస్తే పంతొమ్మిది రోజులు. ఈ ఉద్యోగం వస్తే మొదటి రోజు నుంచే కొత్త కార్డు. రాకపోతే... మా ఇంట్లో ఆ మాట ఎవరూ పూర్తి చేయరు.

రెండు రోజుల ముందు నా బావమరిది ఒక కాగితం పట్టుకొచ్చాడు. వాడు ఆఫీసులో పనిచేస్తాడు, మెడలో తాడూ కార్డూ వేసుకుని తిరుగుతాడు, అందుకని లోకంలో తనకు తెలియనిది లేదనుకుంటాడు. ఆ కాగితం నిండా ముప్ఫై ప్రశ్నలు.

“బావా, పదిహేడోది చూడు. ఇది తప్పకుండా అడుగుతారు. పనిచోట వైవిధ్యం.”

“వైవిధ్యమా? మీ అక్క నాలుగు రోజులు వరసగా ఒకే కూర వండినప్పుడు నేను మొత్తుకునేది దాని గురించే కదరా.”

“జోకులాపు బావా. రకరకాల మనుషులు కలిసి పనిచెయ్యడం అన్నమాట. ఆడా మగా, ముసలీ ముతకా, కాలు లేనివాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు. అలాంటివాళ్ళతో నువ్వెలా ఉన్నావో ఒక కథ చెప్పాలి. నువ్వు ఎవరికో సాయం చేసినట్టుండాలి, ఎవరో నీకు చేసినట్టు కాదు. అర్థమైందా?”

అర్థమైంది. సాయం చేసినవాడికి ఉద్యోగం, చేయించుకున్నవాడికి ఓ నమస్కారం.

వాడు వెళ్ళిపోయాక నా భార్య మంచం మీంచే అంది, “ఏమండీ, మీ కథే చెప్పొచ్చు కదా.”

“నీకేమైనా మతి పోయిందా? సంచులు వేరుచేసే పనికి వెళ్ళి, నాకు రంగులు తెలియవని చెప్పుకోమంటావా?”

“పోనీ పెద్దక్క కథ చెప్పండి.”

“రెండూ ఒకటే కథ కదే” అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ కథేమిటో ముందు చెప్పేస్తాను, లేకపోతే నా వెధవతనం మీకు సరిగ్గా అర్థం కాదు.

లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టు అనుకునేరు. మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే చోటు, రోజుకి నాలుగు వేల దుప్పట్లు. సంచులు మూడు రంగుల్లో వస్తాయి. తెల్లది మామూలు వార్డుది. ఆకుపచ్చది ఆపరేషన్ గదులది, దాన్ని బల్ల మీద విప్పి ఒక్కో గుడ్డా చేత్తో తీసి వేరుచేయాలి. ఎర్రది అంటురోగాల వార్డుది. దాన్ని విప్పనే కూడదు. సంచితో సహా మిషన్లో పడేస్తే నీళ్ళకి ఆ సంచే కరిగిపోతుంది. లోపల ఏముంటుందో ఎవడికీ తెలియదు, ఒక్కోసారి సూదులుంటాయి.

ఇందులో కష్టమేముంది, పసిపిల్లాడు కూడా చేస్తాడంటారా? చేస్తాడు. నేను చెయ్యలేను. నా కంటికి ఎరుపూ ఆకుపచ్చా రెండూ బురదే. పుట్టుకతోనే అంతే. మొదటి ఎనిమిదేళ్ళు మడతల దగ్గరున్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు. మడతలు పెట్టే మిషన్ వచ్చాక నన్ను సంచుల దగ్గరికి మార్చారు. వద్దంటే బయటికి పొమ్మనేవారు.

మూడో రోజే పెద్దక్క పట్టేసింది. ఆమె అందరికీ పెద్దక్కే. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

“ఏరా తమ్ముడూ, చేతిలో సంచి పెట్టుకుని మా మొహాలు చూస్తావేం? మా మొహాల మీద రాసుందా?” అంది.

ఉంది మరి. తప్పు వైపు పెట్టబోతే ఎదుటివాళ్ళ కనుబొమలు లేస్తాయి. సరైన వైపు అయితే కదలవు. అలా మూడు రోజులు నెట్టుకొచ్చాను. ఆమె నన్ను పక్కకి లాక్కెళ్ళి, తన తలగుడ్డ చూపించి ఏ రంగని అడిగింది. నేను నోరు తెరవలేదు.

మర్నాటి నుంచి లారీ దగ్గర సంచులు దింపుకునే పని తను తీసుకుంది. ఎర్ర సంచి మెడకు రెండు ముడులు, ఆకుపచ్చకు ఒకటి. “చేతికి తెలిస్తే చాల్లేరా, కంటితో పనేముంది?” అంది. అందరూ పెద్దక్క చాదస్తం అని నవ్వారు. నెల తిరిగేసరికి అందరూ ముడి తడిమే సంచి పెట్టేవాళ్ళు. దీపాలు పోయినా మా పని ఆగేది కాదు.

ఎనిమిదేళ్ళపైన అలా గడిచింది. తర్వాత ఒకసారి పెద్దక్క జ్వరంతో రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, ఆలస్యమైందని నేరుగా బల్ల దగ్గర నిలబడింది. ఆ రెండు రోజులూ సంచులు దింపి ముడులు వేసినవాళ్ళు, ఆ పూట ఆమె వేస్తుందిలే అని ఊరికే దింపేశారు. నా చేతిలో ఒక సంచి ఉంది, మెడ దగ్గర ఒట్టి తాడు. చుట్టూ ముగ్గురు మనుషులున్నారు. ‘ఇది ఏ రంగు?’ అని అడిగితే సరిపోయేది. రెండు క్షణాల మాట. సిగ్గేసింది. ఆకుపచ్చే అయివుంటుందిలే అని బల్ల మీద పెట్టాను.

బల్ల మీదికి వచ్చేది ఆకుపచ్చదేనన్న అలవాటుకొద్దీ పెద్దక్క చూడకుండానే విప్పి చెయ్యి పెట్టింది. అబ్బా అంది. తొడుగు తీస్తే చూపుడువేలి మీద చిన్న నెత్తుటి చుక్క. సంచి వైపు చూసింది, నా వైపు చూసింది. సూపర్వైజర్ పరుగెత్తుకొస్తే, “నేనే చూసుకోలేదండీ, తొందరలో ఎర్రది విప్పేశాను” అంది.

ఆర్నెల్లు ఆమెకు రక్తపరీక్షలు చేశారు. ఏమీ రాలేదు, బతికించాడు దేవుడు. కానీ ఆ ఆర్నెల్లూ ఆమె ఎలా పడుకుందో ఆమెకే తెలియాలి. పైగా కాగితాల మీద ‘నిర్లక్ష్యం’ అని రాసి పనిలోంచి తీసేశారు. నేను తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పటికి నా భార్య డయాలసిస్ మొదలై నెల. పెద్దక్క పనిలోంచి వెళ్ళిపోయినా ముడులు మాత్రం మిగిలాయి. అలవాటుకొద్దీ ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు, లాండ్రీ మూతపడేదాకా నేను వాటి మీదే నెట్టుకొచ్చాను.

ఇదీ కథ. ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి రండి.

బల్లకి అవతల ఇద్దరు. ఉద్యోగాలిచ్చే విభాగం మేడమ్, కళ్ళజోడు, చేతిలో మూత తీసిన పెన్ను. పక్కన లాండ్రీ మేనేజరు, చొక్కా చేతులు మడిచిన భారీ మనిషి. ఆయనకి మిషన్ల సంగతి తెలుసు, నాకూ తెలుసు, కాబట్టి మొదటి పావుగంట హాయిగా నడిచింది. నీళ్ళ వేడి ఎంతుండాలి, నెత్తుటి మరకకి ముందు చన్నీళ్ళు ఎందుకు పోయాలి, ఇలాంటివి. ఆయన తల ఊపుతుంటే నా గుండె కాస్త కుదుటపడింది.

అప్పుడు మేడమ్ పదిహేడో ప్రశ్న తీసింది.

“మా దగ్గర రకరకాల మనుషులు పనిచేస్తారండీ. మీకంటే భిన్నంగా ఉన్నవాళ్ళతో పనిచేసిన అనుభవం ఏదైనా చెప్పండి.”

నా నోరు దానంతటదే తెరుచుకుంది. “మా పాత చోట ఒకతను ఉండేవాడండీ. మంచి పనివాడు. పాపం, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం.”

“అయ్యో. మీరేం చేశారు?”

“నేను సంచుల మెడకి ముడులు వేయడం మొదలుపెట్టానండీ. ఎర్రదానికి రెండు, ఆకుపచ్చదానికి ఒకటి. చేతికి తెలిస్తే చాలు, కంటితో పనేముంది అన్నాను.”

పెద్దక్క మాటలు ఆమె గొంతుతో సహా వినపడ్డాయి నాకు. అయినా ఆగలేదు. అందరూ నవ్వడం, తర్వాత అందరూ అదే నేర్చుకోవడం, దీపాలు పోయినా పని నడవడం, అంతా చెప్పాను. నా జబ్బు ఎవడికో అంటగట్టి, పెద్దక్క మంచితనం నా జేబులో వేసుకున్నాను. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నిజంగా కళ్ళు చెమర్చాయి.

“అలాంటివాళ్ళకి మనం చోటివ్వాలండీ. మీలాంటివాళ్ళే మాకు కావాలి” అంది.

అంతలో మేనేజరు ఏవో కాగితాలు తిరగేశాడు. “మీ పాత లాండ్రీ నుంచి ఇంకో ఆవిడ కూడా దరఖాస్తు పెట్టింది. సూది గుచ్చుకున్న కేసు. ఎర్ర సంచి విప్పేసిందట, నిర్లక్ష్యం అని రాసి పంపారు. పక్కన పెట్టేశాం. మీకు తెలుసా ఆవిడ?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా మెడ మీదికి పోయింది.

“తెలుసండీ.”

“నిర్లక్ష్యమేనా?”

పంతొమ్మిది రోజులు. నాకు కనిపించింది అదొక్కటే.

“అవునండీ” అన్నాను.

బల్ల మీద గ్లాసుడు నీళ్ళున్నాయి, తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

“సరే, దాదాపు అయిపోయినట్టే” అని మేనేజరు లేచాడు. “ఒకసారి లోపలికి రండి, మీ చేతి పని చూస్తే చాలు. పది సంచులు వేరుచేసి చూపించండి.”

కొత్త లాండ్రీ. తెల్ల గోడలు, కింద తళతళలాడే నేల, మిషన్ల హోరు. సంచులు ఒక బండిలో గుట్టగా ఉన్నాయి. కుడివైపు మిషన్ నోరు, ఎడమవైపు విప్పే బల్ల. బల్ల దగ్గర ఒకావిడ రబ్బరు తొడుగులు వేసుకుని నిలబడింది. నడివయసు మనిషి, సన్నటి మణికట్లు. నేను పెట్టిన ఆకుపచ్చ సంచి ఆమె విప్పాలి. ఒక్క సంచికీ ముడి లేదు.

తెల్లవి నాలుగు ఏరి పక్కన పెట్టేశాను. మిగిలినవన్నీ బురద.

పాత విద్య బయటికి తీశాను. ఒకటి తీసి నెమ్మదిగా కుడివైపు జరుపుతూ మేనేజరు మొహం చూశాను. కనుబొమ కదల్లేదు. మిషన్లో వేశాను. ఇంకోటి తీసి మళ్ళీ కుడికే జరిపాను. కనుబొమ లేచింది. ఏదో పట్టు సరిచేసుకుంటున్నట్టు నటించి ఎడమకి తిప్పాను. ఆయన తల ఊపాడు. వీపు మీద చెమట కారుతోంది. మూడోది కూడా అలాగే గట్టెక్కింది. ఇంకా మూడే ఉన్నాయి. మూడంటే మూడు, ఆ తర్వాత కార్డు.

నాలుగోది చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఫోను మోగింది. ఫోను చెవిన పెట్టుకుని వెనక్కి తిరిగి కిటికీ దగ్గరికి పోయాడు. మేడమ్ కాగితంలో ఏదో రాసుకుంటోంది.

చూడ్డానికి ఒక్క మొహం లేదు.

సంచి మెడ తడిమాను. ఒట్టి తాడు. బరువు చూశాను, వాసన చూశాను, కుక్కలా వాసన చూశానండీ సిగ్గు లేకుండా. ఏమీ తెలియలేదు. సగానికి సగం అవకాశం ఉంది, పెట్టెయ్యరా అని లోపల ఎవడో అరుస్తున్నాడు. ఎవడో ఏమిటి, నేనే. పెట్టెయ్, నీ పెళ్ళాం బతుకుతుంది.

బల్ల దగ్గర ఆవిడ, ముందున్న గుడ్డల మీదే చూపుంచి, నేను తనకే ఇస్తాననుకుని రెండు చేతులూ ముందుకు చాపింది. తొడుగులు పల్చగా ఉన్నాయి, లోపల వేళ్ళ ఆకారం తెలుస్తోంది. చూపుడువేలు కూడా.

“అమ్మా” అన్నాను. మిషన్ల హోరులో వినపడలేదు. మళ్ళీ అన్నాను. “అమ్మా, ఈ సంచి ఏ రంగు?”

ఆవిడ ముందు నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

“ఎర్రది కదండీ” అంది, చేతులు వెనక్కి తీసుకుంటూ.

మేడమ్ పెన్ను ఆగింది. మేనేజరు ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాడు. నేను ఆ సంచి మిషన్లో వేసి, అక్కడే నిలబడి మొత్తం కక్కేశాను. ఆ ఒకతను నేనేనని, ముడులు వేసింది నేను కాదు పెద్దక్క అని, ఆ సూది ఆమె నిర్లక్ష్యం కాదు నా పిరికితనం అని. మిషన్ల హోరులో అరిచి చెప్పాల్సి వచ్చింది. అటుపక్క ఇస్త్రీ దగ్గరివాళ్ళు కూడా పని ఆపి విన్నారు.

మళ్ళీ ఆ గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు.

“మీరిది ముందే చెప్పి ఉండాల్సిందండీ” అంది మేడమ్.

“ముందే చెబితే ఈ గదిలోకి రానిచ్చేవారా?”

ఆమె పెన్నుకి మూత పెట్టింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “చూడండి, ఇది భద్రతకి సంబంధించిన పని. రంగులు తెలియని మనిషిని సంచుల దగ్గర పెట్టామని పైవాళ్ళకి తెలిస్తే...”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇందాక వాడి కథ విని మేడమ్‌గారికి కళ్ళు చెమర్చాయి. వాడే వచ్చి ఎదురుగా కూర్చుంటే భద్రత గుర్తొచ్చిందా? కథలో ఉన్నంతసేపే వాడు మంచివాడా?”

అన్నాక నాకే భయమేసింది. కోపం పోయి కాళ్ళబేరానికి వచ్చాను. “మడతల దగ్గర పెట్టండి. ఇస్త్రీ మిషన్ మీద పెట్టండి. నేల తుడవమన్నా తుడుస్తాను. నాకు జీతం సంగతి కాదండీ, ఆ కార్డు కావాలి. నా భార్యకి వారానికి మూడుసార్లు...”

మేనేజరు తల దించుకున్నాడు. చెడ్డమనిషేం కాదు. “ఉన్నది ఈ ఒక్క ఖాళీయే. నా చేతుల్లో ఇంకేదైనా ఉంటే ఇప్పుడే ఇచ్చేవాణ్ణి” అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా పట్టుకున్నాను. ఒక తెల్లకాగితం అడిగి రాశాను. ‘ఆ సంచి బల్ల మీద పెట్టింది నేను. రంగు తెలియక పెట్టాను. అడగడానికి సిగ్గుపడ్డాను. ఆవిడ తప్పు ఏమీ లేదు.’ కింద సంతకం పెట్టాను. ఏడాదిన్నర ఆలస్యంగా.

మేడమ్ అది రెండుసార్లు చదివింది. “ఆ ముడుల పద్ధతి మేమూ పెట్టుకుంటే బాగుంటుంది” అంది మెల్లగా.

“అది నాది కాదండీ. ఆవిణ్ణి పిలిచి అడగండి” అని లేచి వచ్చేశాను.

నా భార్యకి ఆ రోజు డయాలసిస్. నేరుగా అక్కడికే వెళ్ళాను. పొడుగాటి గది, వరసగా ఎనిమిది కుర్చీలు, ఆమెది కిటికీ పక్కది. చేతినుంచి రెండు గొట్టాలు మిషన్లోకి పోయి తిరిగొస్తాయి. వాటిలో తిరిగేది ఎర్రగా ఉంటుందని అందరూ అంటారు. నాకు అది ఆగకుండా తిరుగుతోందా లేదా అన్నదొక్కటే కావాలి.

ఆమె నా మొహం చూసి, “రాలేదా?” అంది.

“రాలేదు.”

పక్కన స్టూలు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. అబద్ధం చెప్పింది కూడా దాచలేదు. ఆమె పైకప్పు చూస్తూ విన్నది.

“ఎన్ని రోజులున్నాయి?”

“పంతొమ్మిది.”

“ఇవాళ్టితో కలిపా, కాకుండానా?”

“కలిపి.”

“ఆ ఒక్క సంచీ ఏదో వైపు పెట్టేస్తే అయిపోయేది కదండీ” అంది. అని, రెండో చేత్తో కళ్ళు మూసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మిగతా కుర్చీల్లో ఉన్నవాళ్ళకి ఇది అలవాటే, ఎవరూ మావైపు చూడలేదు. కాసేపయ్యాక తనే అంది, “వద్దులెండి. ఆ బల్ల దగ్గరామెకి గుచ్చుకునుంటే నాకీ మిషన్ కూడా ఒంటికి పట్టేది కాదు.”

ఆమె చీరచెంగుతోనే నా మొహం తుడిచింది. అప్పుడు నా ఫోను మోగింది. ఏడాదిన్నరగా నేను చెయ్యని, నాకు రాని నంబరు.

“ఏం చేశావురా వెధవా?” పెద్దక్క గొంతు తగ్గలేదు. “రేపు పొద్దున రమ్మని ఫోన్ చేశారు. నువ్వేదో కాగితం రాసిచ్చావట. నీ నోటికాడ కూడు తీసి నాకు పెట్టమని నిన్నెవడడిగాడు? నీ పెళ్ళాం సంగతేంటి?”

“తెలియదు పెద్దక్కా.”

“నేను వెళ్ళను ఫో.”

“నువ్వు వెళ్ళకపోతే నాకిస్తారా? వెళ్ళు.”

ముక్కు చీదడం వినపడింది.

“ఏమడుగుతార్రా? నాకు ఇంటర్వ్యూలంటే కాళ్ళు వణుకుతాయి.”

“రకరకాల మనుషులతో పనిచేసిన అనుభవం చెప్పమంటారు.”

“నేనేం చెప్పను దానికి?”

నా భార్య వైపు చూశాను. ఆమె అంతా వింటోంది. తల ఊపింది.

“నా సంగతి చెప్పు పెద్దక్కా. ఎవడో ఒకడని చెప్పకు. ఇవాళ వచ్చి వెళ్ళాడే, వాడేనని చెప్పు.”

“చెబితే నీకేమైనా ఒరుగుతుందా?”

“ఏమో” అన్నాను. ఫోను పెట్టేసి గోడ మీద గడియారం చూశాను. నా భార్యకి డయాలసిస్ ఇంకా గంటన్నర మిగిలి ఉంది. స్టూలు దగ్గరికి జరుపుకుని, గొట్టాలు లేని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.